ఏడు వందల రూపాయల కర్మాగారం

ఆగస్టు వచ్చిందంటే మన బడుల్లో పంద్రాగస్టు ఏర్పాట్లు మొదలవుతాయి. అదే నెల రెండో తేదీన ఒక కెమిస్ట్రీ మాస్టారి జయంతి కూడా ఉంది. ఆయన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. మన పిల్లల పుస్తకాల్లో ఆయనకు దొరికే చోటు రెండు ముక్కలే: మెర్క్యురస్ నైట్రైట్‌ను తయారుచేశారు, బెంగాల్ కెమికల్స్ స్థాపించారు. పోటీ పరీక్షల బిట్లకు అంత చాలు కాబోలు.

ఈ నెల ఆయన గురించి రాయడానికి కారణం వేరే ఉంది. కొంతకాలంగా ఏ టీవీ చర్చ పెట్టినా వాణిజ్య లోటు అన్న మాట వినబడుతోంది. 2024-25లో ఒక్క చైనాతోనే మన లోటు దాదాపు 99 బిలియన్ డాలర్లు. దిగుమతులు తగ్గాలి, మన సరుకు మనమే తయారుచేసుకోవాలి అని అందరూ అంటున్నారు. అయితే బయటి నుంచి వచ్చే ఒక వస్తువును ఇక్కడే తయారుచేయాలంటే పొద్దున లేచి ఏం పని చేయాలి, ఆ పని ఎక్కడ చెడుతుంది, సరుకు తయారయ్యాక కొనేదెవరు అన్న సంగతులు చర్చల్లో పెద్దగా రావు. నూట ముప్ఫై ఏళ్ల కిందట రాయ్ ఈ ప్రశ్నలన్నిటినీ స్వయంగా ఎదుర్కొన్నారు. అదీ కాలేజీలో పాఠాలు చెబుతూనే.

ఆయన 1861 ఆగస్టు 2న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో, రారూలి అనే ఊళ్లో పుట్టారు. తండ్రి హరిశ్చంద్ర రాయ్ భూస్వామి, పారశీకం చదివినవాడు, ఇంట్లో మంచి గ్రంథాలయం పెట్టుకున్నవాడు. పిల్లల చదువు కోసం 1870లో కాపురాన్ని కలకత్తాకు మార్చారు. హేర్ స్కూల్లో చదువుతుండగా ప్రఫుల్లకు తీవ్రమైన రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. బడి మానేయాల్సి వచ్చింది. రెండేళ్లు ఇంట్లోనే ఉండి తండ్రి పుస్తకాలన్నీ చదివేశాడు. ఆ జబ్బు తాలూకు అజీర్ణం మాత్రం జీవితాంతం వదల్లేదు. ఒక విద్యాసంవత్సరం పోతేనే కంగారుపడే మనం ఆ రెండేళ్ల గురించి కొంచెం ఆలోచించవచ్చు.

తరువాత విద్యాసాగర్ నడిపిన మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరారు. అక్కడ సైన్సు బోధన లేక ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లి అలెగ్జాండర్ పెడ్లర్ చెప్పే కెమిస్ట్రీ పాఠాలు వినేవారు. పెడ్లర్ చేతి ప్రయోగాలు చూశాక సాహిత్యం మీది మనసు రసాయనశాస్త్రం మీదికి మళ్లింది. గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ గెలిచి 1882లో ఎడిన్‌బరో వెళ్లారు. 1887లో డి.ఎస్‌సి. పుచ్చుకుని, 1888లో తిరిగొచ్చారు.

వచ్చాక ఏడాది పాటు ఉద్యోగం లేదు. ఎక్కువకాలం స్నేహితుడు జగదీశ్ చంద్ర బోస్ ఇంట్లోనే గడిపారు. చివరికి 1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో తాత్కాలిక అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు దొరికింది. జీతం నెలకు 250 రూపాయలు. అప్పట్లో విద్యాశాఖలో పై మెట్టు దాదాపుగా ఇంగ్లండు నుంచి వచ్చినవారిది, కింది మెట్టు మనవాళ్లది. ఇదేం న్యాయమని రాయ్ వెళ్లి అడిగితే, అంత సమర్థుడివైతే వేరే దారులు చాలా ఉన్నాయిగా అన్న ధోరణిలో సమాధానం వచ్చింది. ఆయన ఉద్యోగం మానలేదు. వేరే దారి మాత్రం వెతికారు.

ఆ దారి ఎటుపోయిందో తెలియాలంటే అప్పటి మందుల షాపులు ఎలా ఉండేవో ఊహించుకోవాలి. కలకత్తా షాపుల అలమరాల్లో ఉన్న సీసాలన్నీ దాదాపు ఓడల మీద వచ్చినవే. ఆమ్లాలు, లవణాలు, టింక్చర్లు, సిరప్‌లు అన్నీ విదేశీవి. వాటికి కావలసిన ముడిసరుకులో చాలా భాగం మాత్రం మన దేశపుదే. మన అడవి మొక్కలు, మన విత్తనాలు, ఆఖరికి మన పశువుల ఎముకలు సైతం ఓడలెక్కి వెళ్లి సీసాల్లో, డబ్బాల్లో తిరిగొచ్చేవి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ కాలంలో లెక్క ప్రకారం భారతదేశానికి వాణిజ్య లోటు లేదు. మన ఎగుమతులే దిగుమతుల కన్నా ఎక్కువ. మరి దేశం ఎందుకు బీదపడింది? ఆ మిగులు మన చేతికి రాలేదు. లండన్‌లోని పాలనా ఖర్చులు, పింఛన్లు, అప్పులకు వడ్డీలు అంటూ అటే పోయింది. దాదాభాయి నౌరోజీ జీవితమంతా మొత్తుకున్నది దీని గురించే. అంటే చిట్టాలో మిగులు కనబడినంత మాత్రాన బాగున్నట్టు కాదు, లోటు కనబడినంత మాత్రాన చెడిపోయినట్టూ కాదు. ఏం అమ్ముతున్నాం, ఏం కొంటున్నాం అన్నది చూడాలి. ముడిసరుకు అమ్మి తయారైన సరుకు కొనేవాడికి పని పోతుంది, పనితనమూ పోతుంది. రాయ్ బాధ ఈ రెండోదాని గురించి. కెమిస్ట్రీలో పట్టా తీసుకున్న తన విద్యార్థులకు గుమాస్తా కొలువు తప్ప గతిలేకపోవడం ఆయన రోజూ చూస్తున్నారు.

మొదట నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లం తీయాలని చూశారు. కలకత్తాలో నిమ్మకాయల ధరకు అది గిట్టుబాటు కాలేదు. తరువాత సజ్జమట్టి నుంచి సోడా తీయాలనుకున్నారు. అదీ కుదరలేదు. ఇంగ్లండులో భారీ కర్మాగారాల్లో తయారైన సోడా ఇక్కడి బజారులో ఎంత చవకగా అమ్ముతున్నారంటే, మట్టి నుంచి సోడా తీసేవాడికి కూలి డబ్బులు కూడా మిగలవు. విదేశీ సరుకు మీద పన్ను వేసి స్థానిక తయారీని కాపాడే అధికారం మనవాళ్ల చేతుల్లో లేదు. భారీ రసాయనాల పరిశ్రమకు రక్షణ సుంకాల చట్టం వచ్చింది 1931లో. అప్పటికి రాయ్‌కి డెబ్బై ఏళ్లు.

కనుక ఆయన సరుకును ఏరి ఎంచుకున్నారు. ఇక్కడ ముడిపదార్థం దాదాపు ఊరికే దొరకాలి, బయటి నుంచి తెచ్చుకుంటే ఖరీదు కావాలి, కొద్ది మొత్తంలో చేసినా గిట్టుబాటవ్వాలి. ఈ లెక్కకు సరిపోయింది ఎముక. ఎముకలో ఉండేది ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేట్. ఎముకను కాల్చి బూడిద చేసి, దానికి గంధకామ్లం కలిపితే సూపర్ ఫాస్ఫేట్ వస్తుంది. దాన్ని సోడాతో కలిపితే సోడియం ఫాస్ఫేట్. ఇది అప్పట్లో మందుల తయారీకి అవసరమైన వస్తువు.

కాగితం మీద ఇది చాలా తేలిక. 91, అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని అద్దె ఇంట్లో అది ఎలా సాగిందో రాయ్ తన ఆత్మకథలో సరదాగానే చెప్పుకున్నారు. కసాయి దుకాణాల నుంచి పచ్చి ఎముకలు మూటల కొద్దీ తెప్పించి డాబా మీద ఆరబెట్టారు. కాకులు చేరాయి. ముక్కలు ఎత్తుకుపోయి పక్కింటి వాకిళ్లలో వేశాయి. ఆ ఇరుగుపొరుగు ఆచారవంతులు. అంతలో చలికాలపు వాన పడి ఎముకలు కుళ్లి, పురుగులు పట్టి, వాడంతా కంపు కొట్టింది. మున్సిపాలిటీకి ఫిర్యాదు చేస్తామన్నారు. చేసేది లేక ఎముకలన్నీ బండ్లకెత్తించి ఊరి శివారు మాణిక్‌తలాలో ఒక ఖాళీ స్థలానికి తరలించి, రాత్రిపూట నిప్పు పెట్టారు. మంట చూసి పోలీసులు పరుగెత్తుకొచ్చారు. ఎవరినో చంపి శవాన్ని కాల్చేస్తున్నారని వాళ్ల అనుమానం! కర్ర పెట్టి బూడిద కెలికి, అవి పశువుల ఎముకలేనని చూసుకున్నాకే వెళ్లిపోయారు.

ఎముకలంటే విద్యార్థులకూ ఏవగింపే. ఆయన క్లాసులో బాగా కాల్చిన ఎముక బూడిద చిటికెడు తీసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకున్నారు. నిప్పులో కాలాక మిగిలింది శుద్ధమైన రసాయనమే, అది ఏ జంతువుదన్న తేడా ఇక దానికి లేదని చూపించడానికి. బోర్డు మీద సమీకరణం రాసి ఊరుకుంటే ఆ పాఠం అంతకాలం గుర్తుండేదా?

ఇలా 1892లో బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్ మొదలైంది. పెట్టుబడి 700 రూపాయలు, అంటే ఆయన మూడు నెలల జీతం కన్నా తక్కువ. అప్పుడే తండ్రి అప్పుల భారం కూడా ఆయన నెత్తిన ఉంది. పగలంతా కాలేజీ, సాయంత్రం ఇంటికొచ్చాక చొక్కా మార్చి కర్మాగారం పని. వేసవి సెలవులన్నీ అక్కడే.

సరుకు తయారైంది. కొనేవాళ్లేరి? ఇది అసలు కష్టం. షాపులవాళ్లు సీసా అటూ ఇటూ తిప్పి చూసి, విదేశీ చీటీ లేని మందును జనం నమ్మరని తిరిగి ఇచ్చేసేవారు. దేశభక్తి పేరు చెప్పి అమ్ముదామన్నా అప్పటికి స్వదేశీ ఉద్యమం రాలేదు, అది 1905 నాటి మాట. నిజానికి మందును దేశభక్తితో అమ్మడం కూడా తప్పే. జ్వరంతో పడుకున్న బిడ్డకు పట్టే సిరప్ స్వదేశీదా పరదేశీదా అని కాదు తల్లి చూసేది, పనిచేస్తుందా లేదా అని. రాయ్ అందుకే తన మందులన్నీ బ్రిటిష్ ఫార్మకోపియా ప్రమాణాలకు అచ్చంగా సరిపోవాలని పట్టుబట్టారు. ప్రతి తయారీనీ పరీక్షించాకే సీసాలో నింపేవారు.

అమ్మకం సంగతి తీర్చింది డాక్టర్ అమూల్య చరణ్ బోస్. ఆయన రాయ్‌కి మిత్రుడు, ఊళ్లో పలుకుబడి ఉన్న వైద్యుడు. షాపు ముందు నిలబడి బతిమాలడం కన్నా తోటి డాక్టర్ల చేత ఈ మందులు రాయించడం మేలని ఆయన గ్రహించారు. చీటీ మీద డాక్టరు పేరు రాస్తే షాపువాడు తెప్పించక ఏం చేస్తాడు? అమూల్య చరణ్‌ది ఇంకో ఆలోచన కూడా. ఆయుర్వేద వైద్యులు తరతరాలుగా వాడుతున్న మొక్కల నుంచి ఆధునిక పద్ధతిలో మందులు తీయించారు. మన నేలవేము, పాలకొడిశ, అడ్డసరం ఇలా సీసాల్లోకి ఎక్కాయి. వాము అర్కు ఒకటి. ఇవి విదేశీ కంపెనీలు తయారుచేయని సరుకులు. ఇక్కడ పోటీయే లేదు. దిగుమతికి బదులు సరుకు చేయడం ఒక ఎత్తు, మన దగ్గర మాత్రమే ఉన్నదాన్ని మంచి సరుకుగా మలచడం ఇంకో ఎత్తు. రెండోదానికి ఈ ఇద్దరు మిత్రులు ముందే దారి వేశారనిపిస్తుంది.

తరువాత వరుసగా రెండు దెబ్బలు తగిలాయి. కర్మాగారంలో చేరిన యువ రసాయనవేత్త సతీశ్ చంద్ర సింహ పని చేస్తూ హైడ్రోసయానిక్ ఆమ్లం విషానికి బలయ్యాడు. అతను అమూల్య చరణ్‌కు బావమరిది. 1898లో కలకత్తాకు ప్లేగు వచ్చినప్పుడు రోగులకు వైద్యం చేస్తూ అమూల్య చరణ్ స్వయంగా ప్లేగుతో కన్నుమూశారు. రాయ్ ఒంటరివారయ్యారు. మూసేసి పాఠాలు చెప్పుకుంటే అడిగేవారెవరూ లేరు. ఆయన మూయలేదు. 1901లో దాన్ని రెండు లక్షల మూలధనంతో లిమిటెడ్ కంపెనీగా మార్చారు. 1905లో మాణిక్‌తలాలో, ఒకప్పుడు పోలీసులు బూడిద కెలికిన ఆ శివారులోనే, పెద్ద కర్మాగారం లేచింది.

అక్కడ వేసిన గంధకామ్లం ప్లాంటు గురించి ఒక మాట చెప్పాలి. ఎరువుకు, మందుకు, రంగుకు, బ్యాటరీకి, దేనికైనా గంధకామ్లం కావాలి. సీసం రేకులతో కట్టిన పెద్ద గదుల్లో దాన్ని తయారుచేసేవారు. ప్రమాదకరమైన ద్రవం కనుక ఓడ మీద తేవడం కష్టం, బాడుగ ఎక్కువ. ప్రభుత్వం ఇవ్వని రక్షణను ఈ విషయంలో సముద్రమే ఇచ్చిందన్నమాట. సోడా దగ్గర ఓడినవాడు ఆమ్లం దగ్గర నిలదొక్కుకున్నది ఇందుకే.

మాణిక్‌తలా కర్మాగారాన్ని దశాబ్దాల పాటు నడిపించింది 1903లో రసాయనవేత్తగా చేరిన రాజశేఖర్ బోస్. పరశురాం పేరుతో బెంగాలీలో గొప్ప హాస్యకథలు రాసింది కూడా ఈయనే. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగుమతులు ఆగిపోయినప్పుడు దేశంలో మందులకూ రసాయనాలకూ కటకట వచ్చింది. అప్పటికే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఈ కంపెనీ వెతుక్కునే పని లేకుండా సరుకు ఇవ్వగలిగింది. 1920లో పానీహాటీలో రెండో కర్మాగారం వచ్చింది.

పరిశోధన సంగతి ఇక్కడ పొడిగా చెప్పి వదిలేస్తున్నాం. మెర్క్యురస్ నైట్రైట్ మీద ఆయన తొలి పత్రం 1896 నాటిది. ప్రాచీన భారత రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా రాశారు. 1916లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి రిటైరై కలకత్తా యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో చేరారు. ఆయన దగ్గర చదువుకున్నవారిలో మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఉన్నారు. అరవై ఏళ్లు నిండాక, 1921 నుంచి, తన జీతాన్ని యూనివర్సిటీకే వదిలేసి కెమిస్ట్రీ విభాగం అభివృద్ధికి వాడమన్నారు. పెళ్లి చేసుకోలేదు. సైన్స్ కాలేజీలోనే ఒక గది, ఒక మంచం, పుస్తకాల బీరువాలు, చుట్టూ విద్యార్థులు. అంతే సంసారం.

మన ఇళ్లకు కొంచెం ఇబ్బంది కలిగించే సంగతి ఒకటుంది. చదువంటే పట్టా, పట్టా అంటే వకీలు కోటు లేదా ప్రభుత్వ కుర్చీ అనుకునే నాటి బెంగాలీ మధ్యతరగతిని రాయ్ జీవితాంతం దులిపేశారు. వ్యాపారమంటే చిన్నచూపు, చేతిపనంటే నామోషీ, ఇలాంటి ఇళ్ల నుంచి కర్మాగారాలు ఎలా వస్తాయని ఆయన ప్రశ్న. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే మాలాంటి విద్యాసంస్థ పత్రికలో ఈ మాట చదివి కొందరు నవ్వుకోవచ్చు. అయినా దాచి రాస్తే ఆయన జీవితం సగమే రాసినట్టు. ఆయన కోరింది పిల్లలు చదువు మానాలని కాదు. ఆయన కర్మాగారం నడిచిందే ఎం.ఎ. కెమిస్ట్రీ చదివినవారితో. చదివినవాడు చేతులకు మసి అంటించుకోవడానికి వెనకాడకూడదన్నదే ఆయన పట్టు.

ఇంత పెద్ద రసాయన కర్మాగారం పెట్టినాయన గాంధీగారి చరఖాను కూడా గట్టిగా నమ్మారు. 1923 డిసెంబరులో మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనను ప్రారంభించింది ఆయనే. చరఖాను మెచ్చుకోలేదని రవీంద్రనాథ్ ఠాగూర్‌ను ఆయన పత్రికాముఖంగా తప్పుపడితే, ఠాగూర్ 1925లో దీటైన జవాబు రాశారు. ఆ వాదంలో మాకు ఠాగూర్ వైపే కొంత మొగ్గు. అయితే రాయ్ కరువులూ వరదలూ వచ్చిన పల్లెల్లో తిరిగిన మనిషి. 1922 ఉత్తర బెంగాల్ వరద సహాయానికి నాయకత్వం వహించినవారు. పొలం పని లేని నెలల్లో రైతు ఇంటికి నాలుగు డబ్బులు రావాలన్న తాపత్రయం నుంచి ఆ నమ్మకం పుట్టింది.

కాకినాడ పేరు ఇంకోలా కూడా ఈ కథలోకి వస్తుంది. యాంటీబయాటిక్స్‌కు మూలమైన పెన్సిలిన్-జి ఒకప్పుడు మన దేశంలోనే తయారయ్యేది. చైనా నుంచి చవక సరుకు రావడంతో ఇక్కడి ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సజ్జమట్టి సోడా కథే మళ్లీ జరిగింది. మన హైదరాబాద్, విశాఖ పరిసరాల ఫార్మా కంపెనీలు ప్రపంచమంతటికీ మాత్రలు పంపుతున్నా, వాటిలోకి వెళ్లే ముడి రసాయనాల్లో చాలావాటికి చైనా వైపే చూడాల్సి వస్తోంది. దాదాపు మూడు దశాబ్దాల విరామం తరువాత, కేంద్రం ఇచ్చిన ఉత్పత్తి ప్రోత్సాహకాల అండతో, 2024లో కాకినాడ జిల్లాలో పెన్సిలిన్-జి కర్మాగారం మొదలైంది. ఆ ప్రోత్సాహకాలు ఆగిన తరువాత కూడా ధరలో నిలబడగలదా అన్నది చూడాలి. మన పాఠశాలల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో ఫార్మా ప్లాంట్లలో, క్వాలిటీ ల్యాబుల్లో పనిచేసేవారు చాలామందే ఉన్నారు. ఈ ధర గొడవ మాకన్నా వారికే బాగా తెలుసు.

ప్రఫుల్ల చంద్ర రాయ్ 1944 జూన్ 16న ఆ సైన్స్ కాలేజీ గదిలోనే కన్నుమూశారు. స్వాతంత్ర్యం చూడలేదు. ఆయన కంపెనీ ఆ తరువాత క్రమంగా దెబ్బతింది. 1977లో ప్రభుత్వం యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుని, 1980లో జాతీయం చేసింది. ఆపైన కూడా చాలా ఏళ్లు నష్టాల్లోనే నడిచింది. అమ్మేయాలన్న ప్రతిపాదనలూ వచ్చాయి, కోర్టు దాకా వెళ్లాయి. మాణిక్‌తలాలో కర్మాగారం మాత్రం ఉంది. కంపెనీ మందులతో పాటు ఫినాయిలు కూడా తయారుచేస్తోంది. కలకత్తా ఇళ్లలో నేల తుడిచే నీళ్లలో ఇప్పటికీ అది కలుపుతారు.